గడప తొక్కిన వాడే ఇంటి డాక్టరు

(బరంపురంలో మిల్లు, మరమగ్గాల కార్మికుల కుటుంబాల సభలో యూనియన్ ఆరోగ్య కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



డాక్టర్లను ఎలా తయారు చేయాలన్నది ప్రొఫెసర్లు చూసుకునే విషయం కదా, యూనియన్‌కు దానితో పనేమిటని మీలో కొందరు అనుకోవచ్చు. ఈ సభ పెడదామన్నప్పుడు మా కార్యవర్గంలోనే ఆ ప్రశ్న వచ్చింది. న్యాయమైన ప్రశ్నే. మనం ఇన్నేళ్ళూ జీతం గురించి, బోనసు గురించి, ఎనిమిది గంటల పని గురించి కొట్లాడుతూ వచ్చాం. కాని పెరిగిన జీతం పెరిగిన నెలలోనే మందుల షాపుకూ స్కానింగు సెంటరుకూ పోతే మనకు మిగిలింది ఏమిటి? కొట్లాడి తెచ్చుకున్న రూపాయి ఏ దారిన పోతున్నదో చూసుకోవడం కూడా యూనియన్ పనే.

పైగా మనం నిలబడి మాట్లాడుతున్న ఊరు బరంపురం. వి.వి. గిరిగారు 1894 ఆగస్టు 10న ఒక తెలుగు ఇంట పుట్టిన ఊరు ఇది. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సమ్మెను నడిపి, తరువాత దేశానికి కార్మిక మంత్రి, రాష్ట్రపతి అయిన మనిషి ఆయన. పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు పెట్టుకున్న వైద్య కళాశాల 1962లో ఈ ఊళ్ళోనే మొదలైంది. అక్కడ ఇప్పుడు ఏటా 250 మంది ఎం.బి.బి.ఎస్. చదువులో చేరుతున్నారు. గంజాం జిల్లా పల్లెలు, కొండ ప్రాంతాల వారు, సరిహద్దు అవతల ఇచ్ఛాపురం వైపు నుంచి వచ్చే మన వాళ్ళు, అందరికీ పెద్ద దిక్కు ఆ ఆసుపత్రే. ఆ 250 మంది ఎలాంటి డాక్టర్లు అవుతారన్నది మన ఇంటి విషయం.

రెండు ఊళ్ళ మనిషి

ముందు మన సంగతి మనం చూసుకుందాం. గంజాం నుంచి లక్షల సంఖ్యలో మనుషులు సూరత్ మరమగ్గాల షెడ్డులకు, ఇతర రాష్ట్రాల నూలు మిల్లులకు పోతున్నారు. మనిషి అక్కడ, కుటుంబం ఇక్కడ. మగ్గం దగ్గర పన్నెండు గంటలు నిలబడి జబ్బు పడేది అక్కడ. ఇక పని చేయలేనని తేలినాక వచ్చి పడేది ఇక్కడ. అక్కడి డాక్టరు చూసింది సగం, ఇక్కడి డాక్టరు చూసింది సగం. మా కమిటీ సభ్యులం పేటలలో ఇళ్ళకు వెళ్ళినప్పుడు దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒక ప్లాస్టిక్ సంచీ బయటికి తీశారు. అందులో మూడు నాలుగు ఊళ్ళ చీటీలు, ఎక్స్‌రేలు, సగం వాడిన మందు అట్టలు. అవన్నీ ఒక వరుసలో పెట్టి మొదటి నుంచి చివరి దాకా చదివిన డాక్టరు మాత్రం ఒక్కరూ లేరు.

మరి జ్వరం వస్తే ముందు ఎవరి దగ్గరికి పోతున్నాం? పేటలోని ఆర్.ఎం.పి. దగ్గరికి. అతన్ని తిట్టడం తేలిక. కాని రాత్రి పదకొండు గంటలకు తలుపు తడితే వచ్చేది అతనే. మీ అమ్మకు షుగరు ఉందని, మీ తమ్ముడు సూరత్‌లో ఉన్నాడని, ఈ నెల డబ్బు రాలేదని అతనికి తెలుసు. అతనికి ఇల్లు తెలుసు, వైద్యం తెలియదు. పెద్దాసుపత్రి డాక్టరుకు వైద్యం తెలుసు, ఇల్లు తెలియదు. ఈ రెండూ తెలిసిన మనిషి మనకు కావాలి. అతన్నే ఇతర దేశాలలో ఫ్యామిలీ డాక్టరు అంటున్నారు. మన మాటలో ఇంటి డాక్టరు.

ఇంటి డాక్టరు అంటే తక్కువ డాక్టరు అని ఒక అపోహ ఉంది. స్పెషలిస్టు కాలేకపోయిన వాడు పల్లెకు వస్తాడని మనమే అంటుంటాం. ఆలోచించండి. గుండె డాక్టరు దగ్గరికి వచ్చే వాడికి గుండె జబ్బు ఉండవచ్చునని ముందే ఎవరో తేల్చి పంపారు. ఇంటి డాక్టరు దగ్గరికి వచ్చే వాడు "ఒంట్లో బాగులేదు బాబూ" అని మాత్రమే అంటాడు. అది నిద్రలేమా, రక్తం తక్కువా, క్షయా, అప్పుల దిగులా అన్నది తేల్చవలసింది అతనే. పసిబిడ్డనూ చూడాలి, బాలింతనూ చూడాలి, ముసలాయననూ చూడాలి. ఎవరిని తన దగ్గరే నయం చేయవచ్చు, ఎవరిని ఈ గంటలోనే పెద్దాసుపత్రికి పంపాలి అన్నది తెలియాలి. ఇది తక్కువ విద్య ఎలా అవుతుంది?

వెయ్యి మందిలో ఒక్కడు

ఇప్పుడు చదువు దగ్గరికి వద్దాం. ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర సంవత్సరాలు, తరువాత ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్. ఈ కాలంలో విద్యార్థి ఎక్కువ భాగం గడిపేది పెద్దాసుపత్రి వార్డులలో. అక్కడ అతను చూసేది ఎవరిని?

1961లో కెర్ వైట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అమెరికా, బ్రిటన్‌ల లెక్కలు తీసి ఒక వ్యాసం ప్రచురించారు. వెయ్యి మంది పెద్దవాళ్ళను తీసుకుంటే ఒక నెలలో 750 మందికి ఏదో ఒక నలత చేస్తుంది. వారిలో 250 మంది డాక్టరు దగ్గరికి పోతారు. తొమ్మిది మంది ఆసుపత్రిలో చేరతారు. వైద్య కళాశాల ఆసుపత్రి దాకా వచ్చేది ఒక్కడు. ఈ లెక్క మన దేశానిది కాదు, అంకెలు ఇక్కడ వేరుగా ఉండవచ్చు. కాని అందులోని సంగతి మనకూ వర్తిస్తుంది. విద్యార్థి ఆ ఒక్కడిని చూసి వైద్యం నేర్చుకుంటున్నాడు. తరువాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూర్చోబెడితే మిగిలిన 249 మంది అతని ముందుకు వస్తారు. వాళ్ళ జబ్బు ఇంకా ముదరలేదు, పేరు పెట్టేంత స్పష్టంగా లేదు. స్కానింగు యంత్రం పక్కన లేదు. అతనికి కాళ్ళు చేతులు ఆడవు. నాలుగు మందులు రాసి పంపడమో, లేకపోతే "బరంపురం తీసుకుపొండి" అనడమో చేస్తాడు. తప్పు ఆ కుర్రవాడిది అనలేము. ఈత నేర్పకుండా ఏట్లో దింపినట్లు చేశారు.

ఇది ఈ రోజు కనిపెట్టిన లోపం కాదు. స్వాతంత్ర్యానికి ముందే, 1946లో భోర్ కమిటీ ప్రజల మధ్య పనిచేసే డాక్టర్లు కావాలనీ, అందుకు తగినట్లు వైద్య విద్య మారాలనీ చెప్పింది. 1977లో కేంద్ర ప్రభుత్వం ఒక పథకం పెట్టింది. ప్రతి వైద్య కళాశాల మూడు బ్లాకులను దత్తత తీసుకోవాలి, మొబైల్ ఆసుపత్రి బండ్లలో విద్యార్థులను పల్లెలకు తీసుకుపోవాలి. చాలా చోట్ల ఆ పథకం బండ్లతోనే ఆగిపోయింది. పొద్దున పోయిన బండి సాయంత్రానికి తిరిగి వచ్చింది. పల్లెలో నేర్చుకున్నదానికి పరీక్షలో బరువు లేకపోతే విద్యార్థి మనసు అక్కడ ఎందుకు నిలుస్తుంది?

2022లో జాతీయ వైద్య కమిషన్ కుటుంబ దత్తత కార్యక్రమం తెచ్చింది. దీని ప్రకారం దేశంలోని ప్రతి ఎం.బి.బి.ఎస్. విద్యార్థి మొదటి సంవత్సరం నుంచే పల్లెలో మూడు నుంచి ఐదు కుటుంబాలను తన కుటుంబాలుగా తీసుకుని, ఏళ్ళ తరబడి వారి ఆరోగ్యం చూస్తూ ఉండాలి. బరంపురం కళాశాలలో చేరే 250 మందినే లెక్క వేయండి. తలా మూడు కుటుంబాలంటే ఏటా 750 కుటుంబాలు. ఐదు అంటే 1,250. మనసు పెట్టి చేస్తే ఇది చిన్న విషయం కాదు. మనసు లేకుండా చేస్తే ఫారాలు నింపి, ఫోటో తీసుకుని వెళ్ళిపోవడమే అవుతుంది. ఏది జరుగుతుందన్నది సగం వాళ్ళ చేతిలో ఉంది, సగం మన చేతిలో ఉంది. ఈ సభ పెట్టింది ఆ రెండో సగం గురించి మాట్లాడడానికే.

మనం నేర్పవలసినవి

మనం ఆ కుర్రవాడికి ఏం నేర్పగలం? మొదటిది మన పని.

ఇటలీలో బెర్నార్డినో రామజ్జిని అనే వైద్యుడు 1700 సంవత్సరంలో చేతిపనివారి జబ్బుల మీద ఒక గ్రంథం రాశాడు. రోగిని డాక్టరు అడిగే పాత ప్రశ్నలకు ఆయన ఇంకొకటి కలిపాడు: నువ్వు ఏం పని చేస్తావు? మూడు వందల సంవత్సరాలు దాటింది. మన చీటీలు తీసి చూడండి. పేరు ఉంటుంది, వయసు ఉంటుంది, బి.పి. ఉంటుంది. పని రాసిన చీటీ ఎన్నింటికి ఒకటి?

ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే ఏమవుతుందో చెబుతాం. పత్తి మిల్లులో బ్లోరూం, కార్డింగు ఖాతాలలో దూది దుమ్ము ఎక్కువ. ఏళ్ళ తరబడి అది పీల్చిన వాడికి వారపు సెలవు తరువాత పనిలోకి దిగిన మొదటి రోజు ఛాతీ బిగుసుకుపోతుంది, ఊపిరి ఆడదు. మొదట్లో రెండో రోజుకు కొంత తేలికపడుతుంది. పోను పోను వారమంతా ఉంటుంది. ఈ జబ్బు పేరు బిస్సినోసిస్. పని సంగతి తెలియని డాక్టరు దీన్ని ఉబ్బసమనో, పొగ తాగడం వల్లననో రాసేస్తాడు. 1923 నాటి కార్మిక పరిహార చట్టం పట్టికలో దీన్ని వృత్తి వ్యాధిగా చేర్చారు. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. వృత్తి వ్యాధుల పట్టిక అందులోనూ ఉంది. కాని ఆ పేరు ముందు డాక్టరు కాగితం మీదికి ఎక్కాలి. ఉబ్బసమని రాసిన కాగితం చూపించి ఏ యాజమాన్యాన్ని పరిహారం అడగగలం? డాక్టరు అడగని ప్రశ్న వల్ల కార్మికుడి ఊపిరి పోయింది, హక్కు కూడా పోయింది.

సూరత్ షెడ్డులలో నేసేది ఎక్కువగా సింథటిక్ బట్ట. అక్కడ దూది దుమ్ము కన్నా చప్పుడు పెద్ద శత్రువు. వరసగా మగ్గాలు ఆడుతున్న షెడ్డులో చప్పుడు 90 డెసిబెల్స్ దాటుతుంది. చెవుడు ఒక్క రోజున రాదు. ముందు సన్నని గొంతులు వినిపించవు. ఇంటికి వచ్చినాక పెళ్ళాం పిలిస్తే పలకడు, పిల్లల మాట పట్టించుకోడు. ఇంట్లో వాళ్ళు మనిషి మారిపోయాడనుకుంటారు. ఇంటికి వచ్చి కూర్చున్న డాక్టరుకు పది నిమిషాలలో అర్థమయ్యే సంగతి ఇది. ఓ.పి. వరసలో రెండు నిమిషాలలో అర్థం కాదు.

రెండోది నొప్పి బిళ్ళ. పన్నెండు గంటలు నిలబడే వాడికి కాళ్ళు, నడుము నొప్పి తప్పదు. డైక్లోఫినాక్, ఇబుప్రొఫెన్ వంటి మాత్రలు షెడ్డు పక్క కొట్టులో దొరుకుతాయి. వేసవిలో చెమట కారి, నీళ్ళు తక్కువ తాగిన ఒంటికి ఆ మాత్రలు రోజూ వేస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయి. మూత్రపిండం చాలా వరకు పోయే దాకా నొప్పి చెప్పదు. మన పక్కనే, సరిహద్దు దాటగానే, శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం వైపు ఊళ్ళలో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్ళను ఖాళీ చేసిందో మీలో చాలామందికి చుట్టరికాల ద్వారా తెలుసు. దానికి కారణం ఇదీ అని ఇంతవరకు తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. అవి అవసరమే. కాని డయాలసిస్ దాకా పోకముందే పట్టుకోవాలంటే కావలసింది బి.పి. చూడడం, మూత్రం పరీక్ష చేయడం, రక్తంలో క్రియాటినిన్ చూడడం, నొప్పి బిళ్ళలు ఎన్ని వేస్తున్నావని అడగడం. ఈ నాలుగు పనులూ పల్లెలో చేయవచ్చు. ప్రతి ఇంటికీ తిరిగే డాక్టరు ఉంటే.

మూడోది క్షయ. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించాలి. మందులు ఉచితం. మామూలు క్షయకు ఆరు నెలలు వాడాలి. పోషణకు ప్రభుత్వం ఇచ్చే డబ్బు 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలు అయింది. మన కష్టం ఎక్కడంటే, రెండు నెలలు మందు వాడి ఒళ్ళు తేలికపడగానే మనం రైలు ఎక్కుతాం. అక్కడ మందు ఆగిపోతుంది. నిక్షయ్ నంబరు ఒకటి ఇస్తారు. అది చూపిస్తే సూరత్‌లో కూడా మందు కొనసాగించవచ్చు. ఈ మాట రైలు ఎక్కే ముందు చెప్పేవాడు ఎవరు? ఇంటి సంగతి తెలిసిన డాక్టరు, మన ఆశా కార్యకర్త.

నాలుగోది సభలో గట్టిగా చెప్పుకోని మాట. దూరాన ఒంటరిగా బతికే మగవాళ్ళ ద్వారా హెచ్.ఐ.వి. ఈ జిల్లా ఇళ్ళలోకి వచ్చింది. ఏ తప్పూ చేయని ఆడవాళ్ళు దాని బరువు మోశారు. 2004 నుంచి ప్రభుత్వం దీనికి మందులు ఉచితంగా ఇస్తున్నది. వేళ తప్పకుండా వాడిన వాళ్ళు పనిచేసుకుంటూ, పిల్లలను పెంచుకుంటూ బతుకుతున్నారు. అయినా పరీక్షకు వెళితే పేటంతా తెలిసిపోతుందనే భయం. ఇంటికి వచ్చే విద్యార్థి నేర్చుకోవలసిన మొదటి విద్య నోరు కట్టుకోవడం. ఒక ఇంట్లో విన్నది పక్క ఇంట్లో అనకూడదు. ఇది నేర్పకుండా అతన్ని మన ఇళ్ళలోకి పంపవద్దని కళాశాల వారిని గట్టిగా అడగాలి.

మాట తెలియని వైద్యం

గంజాం పల్లెల్లో ఒడియా ఉంది, తెలుగు ఉంది. కొండల వైపు పోతే సవర, కుయి ఉన్నాయి. "గుండె దడ", "కడుపులో మంట", "తల తిరగడం", "నీరసం" అని మన ఆడవాళ్ళు చెప్పే మాటల్లో జబ్బు ఆనవాళ్ళు ఉంటాయి. మాట తెలియని డాక్టరు ఆ ఆనవాళ్ళు పోగొట్టుకుంటాడు. మందు ఎప్పుడు వేయాలో తల ఊపి బయటికి వచ్చిన మనిషి, బయట నిలబడిన వాడిని అడుగుతాడు.

దీనికి ఉదాహరణ కోసం మనం దూరం పోనక్కరలేదు. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో పంతులు. సవర పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తాను వాళ్ళ భాష నేర్చుకోవాలనుకున్నారు. నేర్చుకున్నారు. వాళ్ళ కోసం పుస్తకాలు రాశారు, నిఘంటువు కట్టారు. జనం మాట్లాడే భాషే చదువుకు పనికివస్తుందని జీవితమంతా వాదించారు. ఒక బడిపంతులు ఒంటరిగా అంత చేయగలిగితే, ఒక వైద్య కళాశాల తన విద్యార్థికి పల్లెలో మాట్లాడే నాలుగు భాషలలో వంద మాటలు నేర్పలేదా?

బొగ్గు గని పల్లె డాక్టరు

ఇదంతా జరిగే పనేనా అని మీరు అడగవచ్చు. జరిగిన చోట్లు ఉన్నాయి.

బ్రిటన్‌లో వేల్స్ అనే ప్రాంతం ఉంది. బొగ్గు గనుల నేల. అక్కడ ట్రెడెగర్ అనే ఊళ్ళో గని కార్మికులు తమ కూలిలోంచి వారం వారం కొన్ని పెన్నీలు కోసి పెట్టుకుని సొంతంగా డాక్టర్లను నియమించుకున్నారు. ఆ ఊరి గని కార్మికుడి కొడుకు, తానూ గనిలో పనిచేసిన అనూరిన్ బెవాన్ తరువాత ఆరోగ్య మంత్రి అయ్యాడు. 1948 జూలై 5న దేశమంతటికీ ఉచిత వైద్యం మొదలైంది. ప్రతి మనిషి పేరూ ఒక ఇంటి డాక్టరు పట్టికలో ఉండాలన్నది దానికి పునాది.

అదే వేల్స్‌లో గ్లిన్‌కోర్‌గ్ అనే గని పల్లెలో 1961 నుంచి జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే డాక్టరు పనిచేశాడు. జబ్బు వచ్చిన వాడి కోసం ఎదురు చూడకుండా, ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళందరి బి.పి. కొలిచాడు. రాని వాళ్ళ వెంటపడ్డాడు. పాతికేళ్ళు అలా చేసినాక లెక్క చూస్తే, 65 ఏళ్ళు నిండకుండా పోయేవాళ్ళు పక్క ఊరితో పోలిస్తే పావు వంతుకు పైగా తగ్గారు. పెద్ద యంత్రాలు లేవు. మనిషి ఒకడు ఒకే ఊరును పట్టుకుని ఉన్నాడు, అంతే. మంచి వైద్యం అవసరం ఎక్కువ ఉన్న చోటికే తక్కువగా అందుతున్నదని 1971లో తేటగా రాసింది కూడా ఆయనే.

మన దేశంలోనే, మన పొరుగున ఉన్న ఛత్తీస్‌గఢ్ దల్లీ రాజహరాలో ఇనుప గని కాంట్రాక్టు కార్మికులు శంకర్ గుహ నియోగి నాయకత్వంలో తమ డబ్బుతో, తమ చేతులతో ఆసుపత్రి కట్టుకున్నారు. 1977 పోలీసు కాల్పులలో మరణించిన తోటి కార్మికుల పేరున 1983లో షహీద్ ఆసుపత్రి తలుపులు తెరిచింది. అక్కడ కార్మికులే ఆరోగ్య కార్యకర్తలుగా శిక్షణ పొందారు. డాక్టర్లు కూడా వాళ్ళ దగ్గర నేర్చుకున్నారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టరు పేరుతో ఒక పథకం ప్రారంభించారు. పి.హెచ్.సి. డాక్టరు నెలకు రెండు సార్లు 104 బండితో ఊరికి వచ్చి చూడాలన్నది ఏర్పాటు. ఆలోచన మంచిదే. కాని బండి పంపడం ఒక ఎత్తు, ఆ బండి దిగే డాక్టరును తయారు చేయడం ఒక ఎత్తు.

ఎందుకు నిలవడం లేదు

పల్లెకు డాక్టరు రాడు, వచ్చినా నిలవడు అంటాం. బలవంతంగా పంపాలని కొందరి వాదన. శిక్షగా పంపిన వాడు రోజులు లెక్కపెట్టుకుంటాడు. మనం కూడా పనివాళ్ళమే. ఉండడానికి ఇల్లు లేకుండా, పిల్లలకు బడి లేకుండా, ఒక్కడే పగలూ రాత్రీ డ్యూటీ చేయమంటే మనం ఒప్పుకుంటామా? డాక్టరుకూ పని గంటలు కావాలి, తోడుగా నర్సు కావాలి, మందులు నిండిన బీరువా కావాలి. ఇవి అతని తరఫున మనం అడిగితే తప్పు లేదు, లాభం మనకే.

ఇంకొకటి గౌరవం. ఫ్యామిలీ మెడిసిన్ కూడా స్పెషలిస్టు చదువే. మన దేశంలో దానికి మూడేళ్ళ డి.ఎన్.బి. కోర్సు ఉంది. కోజికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాల ఎం.డి. కూడా పెట్టింది. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల 2006 నుంచి ఊళ్ళలో ప్రాక్టీసు చేస్తున్న డాక్టర్లకు ఉన్న చోటనే ఈ విద్య నేర్పుతున్నది. కాని చాలా ప్రభుత్వ కళాశాలలలో ఆ విభాగమే లేదు. ఎం.బి.బి.ఎస్. కుర్రవాడు తన కళ్ళ ఎదుట ఒక్క ఇంటి డాక్టరును, ప్రొఫెసరు కుర్చీలో కూర్చున్న ఇంటి డాక్టరును చూడకపోతే, తానూ అలా కావాలని ఎందుకు అనుకుంటాడు?

కార్డు ఉంది కదా అని కొందరు అంటారు. 2025 ఏప్రిల్ నుంచి ఒడిశాలో ఆయుష్మాన్ భారత్, గోపబంధు పథకాలు కలిసి వచ్చాయి. మంచం ఎక్కినాక, ఆసుపత్రిలో చేరినాక ఆ కార్డు ఖర్చు భరిస్తుంది. మంచం ఎక్కకుండా చూసే డాక్టరును ఆ కార్డు ఇవ్వదు. బి.పి. మాత్ర నెల నెలా కొనుక్కునే వాడికి దానితో పని పడదు. పక్షవాతం వచ్చినాకనే పనిపడుతుంది.

ఒక అక్క మమ్మల్ని సూటిగా అడిగింది: "మా ఇళ్ళు వాళ్ళు నేర్చుకోవడానికేనా? డబ్బున్న వాడికి పెద్ద డాక్టరు, మాకు చదువుకునే పిల్లవాడా?" ఈ ప్రశ్నను దాటవేయకూడదు. విద్యార్థి మందు రాయకూడదు. అతని వెనుక బాధ్యత ఉన్న డాక్టరు ఉండాలి. మన అనుమతి లేకుండా ఒంటి మీద చేయి వేయకూడదు. వద్దంటే వెళ్ళిపోవాలి, దానికి మన వైద్యం తగ్గకూడదు. ఈ షరతుల మీదనే మన తలుపు తెరుస్తాం. కాని తలుపు తెరవకుండా ఉంటే ఆ పిల్లవాడు మన గురించి ఏమీ తెలియకుండానే డాక్టరు అవుతాడు. అప్పుడు మన దగ్గరికి వచ్చేది ఆ డాక్టరే.

మన పని

2020 మే నెల గుర్తు చేసుకోండి. సూరత్ నుంచి శ్రామిక్ రైళ్ళు వచ్చాయి. ఏ ఇంటి మనిషి ఏ ఊరి నుంచి ఏ రోజు వచ్చాడో పంచాయతీలు పేరు పేరునా రాశాయి. బడులలో ఉంచి, రోజూ జ్వరం ఉందా అని అడిగాయి. అంటే పట్టిక రాయడం మనకు చేతనవును. మహమ్మారి వస్తేనే రాస్తామా? ఆ పట్టికే ఇంటి డాక్టరు మొదటి పనిముట్టు.

అందువల్ల మా కమిటీ మీ ముందు కొన్ని పనులు పెడుతున్నది. ప్రతి కుటుంబం ఒక నోటు పుస్తకం పెట్టాలి. ఎవరు ఏ మిల్లులో, ఏ ఖాతాలో ఎన్నేళ్ళు పనిచేశారో మొదటి పేజీలో రాయాలి. జబ్బులు, వాడిన మందులు, చేసిన పరీక్షలు తేదీలతో తరువాత రాయాలి. రైలు ఎక్కేటప్పుడు మొబైల్‌లో ఆ పేజీల ఫోటో తీసుకుపోవాలి. విద్యార్థి ఇంటికి వస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టండి. జ్వరం గురించి చెప్పే ముందు మగ్గం గురించి చెప్పండి. మీ పుస్తకం చూపించండి. వచ్చే నెల కూడా అతనే రావాలని అడగండి.

ప్రభుత్వాన్నీ, కళాశాల వారినీ అడగవలసినవి నాలుగు. కుటుంబ దత్తతకు తీసుకునే ఊళ్ళలో వలస కార్మికుల ఊళ్ళు ఉండాలి. రోగి చీటీ మీద "చేసే పని" అన్న గడి తప్పనిసరి చేయాలి. బరంపురంలో ఫ్యామిలీ మెడిసిన్ విభాగం, పై చదువు రావాలి. పల్లె డాక్టరుకు ఇల్లు, తోడు, తగిన జీతం ఇవ్వాలి. ఈ నాలుగింటి మీద సంతకాలు సేకరించి వినతిపత్రం ఇవ్వాలని కార్యవర్గం నిర్ణయించింది. సంతకాల కాగితాలు తలుపు దగ్గర ఉన్నాయి. చదువురాని వాళ్ళకు చదివి వినిపించి వేలిముద్ర తీసుకుంటారు.

మిత్రులారా, నూలు కండె చూసి బట్ట ఎలా వస్తుందో చెప్పగలిగిన వాళ్ళం మనం. నూలు నాసిగా ఉంటే ఎంత మంచి మగ్గమైనా పోగు తెగుతూనే ఉంటుంది. డాక్టరు కూడా అంతే. వడికే చోటనే మనం ఉండాలి. వాళ్ళు చదువు నేర్చుకునే ఆసుపత్రి ఊళ్ళో ఒకటే ఉంది. వాళ్ళకు మనుషులను నేర్పే బడులు మన ఇళ్ళు. ఆ బడి తలుపులు తెరిచి పెడదాం, మన షరతుల మీద తెరిచి పెడదాం.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!